పత్మాసు ఓడ

ఆ సెప్టెంబరులో మా కంపెనీ నన్ను గ్రీసు వెళ్ళే బృందానికి టూర్ మేనేజరుగా వేసింది. విజయవాడ, చుట్టుపక్కల ఊళ్ళ క్రైస్తవ కుటుంబాల నుంచి ఇరవై రెండు మంది. నాకు రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన ముస్లింని, అయినా చర్చి యాత్రలు నడపడం అప్పటికే అలవాటు. ఏ యాత్రలోనూ ఓడ గాని విమానం గాని తప్పలేదు. దాచుకోవడమెందుకు, ఆ గర్వం నాకు ఉండేది.

టూర్ మేనేజరంటే ఊళ్ళు చూపించేవాడనుకుంటారు. అందుకు స్థానిక గైడు వేరే ఉంటాడు. మాది టికెట్లు, వీసాలు, తలల లెక్క, టైము.

బృందంలో కరుణమ్మగారని ఒకావిడ, మైలవరం వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నీటికాసుల వల్ల ఆవిడ చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఏడాది తిరక్కుండా మొత్తం పోతుందని డాక్టర్లు చెప్పేశారు. ఆలోపు ఆవిడ చూడాలనుకున్నది పత్మాసు ద్వీపంలోని గుహ. యేసు శిష్యుల్లో ఒకాయన ప్రవాసంలో ఉండి దర్శనాలు చూశారని చెప్పే చోటది.

"ఏథెన్సూ గీథెన్సూ నాకొద్దు బాషాగారూ, ఆ గుహ ఒక్కటి చూపించండి చాలు," అని గన్నవరం విమానాశ్రయంలోనే నా చేయి పట్టుకున్నారు. నాదీ పూచీ అమ్మా అన్నాను.

పత్మాసుకు విమానాలు లేవు. కోస్ అనే ద్వీపంలో బసచేసి, పొద్దున ఓడలో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలి. మొదటి రోజు పత్మాసు, రెండో రోజు ఖాళీ, మూడో రోజు తిరుగు విమానం. వీసా కూడా అంతటితో సరి.

మొదటి రోజు అరగంట ముందే రేవులో ఉన్నాం. వోచరు చూపించి బోర్డింగ్ కార్డులు తెచ్చి పంచాను. ఓడ ఎదురుగానే ఉంది. బయలుదేరడానికి కొన్ని నిమిషాల ముందు ర్యాంపు, అంటే ఎక్కే ఇనుప వంతెన, పైకెత్తేస్తారు. ఎత్తాక దేవుడు దిగొచ్చినా దించరు.

అప్పుడు బృందానికి పెద్దగా వచ్చిన పాస్టరుగారు ప్రయాణ ప్రార్థన చేద్దాం అన్నారు. బస్సెక్కినా విమానమెక్కినా ముందు చేస్తూనే వచ్చారు, రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ రోజు కరుణమ్మగారిని మధ్యలో నిలబెట్టి ఆవిడ కళ్ళ కోసం మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. కొందరు ఏడుస్తున్నారు. పాస్టరుగారు "చివరిగా తండ్రీ" అన్నారు, హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత డాక్టర్ల చేతుల కోసం, గ్రీసు దేశం కోసం, ఓడ నడిపేవాళ్ళ కోసం ప్రార్థించి మళ్ళీ "చివరిగా" అన్నారు.

ఓడ హారన్ మోగింది. ర్యాంపు దగ్గరి మనిషి రండి రండి అని చేతులూపాడు. నేను పాస్టరుగారి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాను. మా ఇంట్లో నమాజు చేస్తున్న మనిషి ముందునుంచి నడిచామంటే నాన్న మా చెంప పగలగొట్టేవారు. పైగా వేరే మతంవాణ్ణి, ఒకావిడ కళ్ళ కోసం చేసే ప్రార్థన ఆపితే ఏమనుకుంటారో అని పిరికితనం. ఆమెన్ వినిపించేసరికి ర్యాంపు లేస్తోంది. పరుగెత్తాను, అరిచాను, చేతులు జోడించాను. ఓడ వెళ్ళిపోయింది.

"మీరు చెప్పాలి కదండీ! ఎందుకొచ్చినట్టు మీరు?" అని ఒకాయన నామీద విరుచుకుపడ్డారు. పాస్టరుగారు గట్టుమీద కూలబడి తల పట్టుకున్నారు. కరుణమ్మగారే అందరికీ సర్దిచెప్పారు, రేపుంది కదా అని.

తెల్లారేసరికి గాలి. గాలి ఒక హద్దు దాటితే అక్కడి రేవు అధికారులు ఓడల్ని కదలనివ్వరు. ఎండ మాత్రం ఫెళ్ళున కాస్తోంది. అంత ఎండలో ఓడలు లేవంటే మావాళ్ళు నమ్మలేదు. మధ్యాహ్నం దాకా కౌంటరు వదల్లేదు, చిన్న పడవలవాళ్ళనూ బతిమాలాను. ఎవరూ ఊఁ అనలేదు. కరుణమ్మగారు పొద్దుటినుంచీ బెంచీమీద కూర్చునే ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళి లేదమ్మా అని చెప్పడానికి నాకు కాళ్ళు రాలేదు. ఆ రోజు నన్ను నేను అసహ్యించుకున్నాను.

మర్నాడు విమానమెక్కేశాం.

మరుసటి ఏడు అదే యాత్ర నాకే పడింది. కరుణమ్మగారిని మళ్ళీ తీసుకెళ్దామని మైలవరం వెళ్ళాను. గోడ తడుముకుంటూ వచ్చి తలుపు తీశారు. యాత్ర మాట ఎత్తలేదు. ప్రార్థన ఆపాల్సింది అమ్మా, ఆపలేకపోయాను అన్నాను.

"హారన్ నాకూ వినబడిందండీ," అన్నారావిడ. "నా కోసం అంతమంది ఏడుస్తుంటే నేనెట్టా కదులుతాను? మీరున్నారు కదా, చెప్తారులే అని నిలబడ్డా." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

ఆ తర్వాతి యాత్రల్లో, ప్రార్థన ఓడ ఎక్కాకే చేసుకుందామని ముందే అడిగేవాణ్ణి. ఒక్కరూ కాదనలేదు. పాస్టరుగార్లయితే అదే మంచిదండీ అనేవారు. అంత తేలికైన మాట అది. పెద్దల మర్యాద, మతం మర్యాద ఎవరైనా పాటించవచ్చు. ఆ నిమిషంలో అమర్యాదగా ఉండటానికే టూర్ మేనేజరుకు జీతమిస్తారు. కరుణమ్మగారు కళ్ళు మూసుకుని నన్ను నమ్మారు. నేను కళ్ళు తెరుచుకుని ఊరుకున్నాను.