కాంబో ముక్కలకు బొట్టు

నన్ను దొంగ అన్నవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఆదివారం కరీంనగర్‌లో అదే మేడ మీద కూర్చుని కార్డులు కలుపుతున్నారు. నేను పోవడం లేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేటట్టు లేదు, అందుకే కోపంతోనే రాస్తున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. పేకాట అనుకునేరు, కాదు. మా చుట్టాలు అట్లాగే అనుకుని, ఆడపిల్ల పేకాటకు మరిగిందని పెళ్ళిళ్ళలో చెవులు కొరుక్కున్నారు. ఇది బొమ్మల కార్డుల ఆట. ఒక్కో కార్డు మీద ఒక వీరుడో, మృగమో, మంత్రమో ఉంటుంది. అది చేసే పని కింద రాసి ఉంటుంది. వేల కార్డుల్లోంచి అరవై ఏరుకుని మన కట్ట మనమే కట్టుకోవాలి. ఎదుటివాడు తన కట్ట తాను తెచ్చుకుంటాడు. నన్నడిగితే సగం గెలుపు ఆడేటప్పుడు రాదు, ఇంట్లో చాప మీద కార్డులు పరుచుకున్నప్పుడే వస్తుంది.

డిగ్రీ చదివేటప్పుడు కరీంనగర్ హాస్టల్లో నేర్చుకున్నాను. తర్వాత సిరిసిల్లకు తిరిగి వచ్చి ఒక ల్యాబులో రక్తపరీక్షల పనిలో చేరాను గానీ ఆట మానలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, వేములవాడ మీదుగా కరీంనగర్ పోయేదాన్ని. జ్యూస్ షాపు పైన ఒకతను కార్డులూ బొమ్మలూ అమ్మే దుకాణం పెట్టాడు. పోటీలు పెట్టేది అతనే, తగవు వస్తే తీర్పు చెప్పేదీ అతనే. అన్నా అని పిలిచేదాన్ని. అతను చెల్లె అనేవాడు.

అక్కడికి వచ్చే చాలామంది, ఎక్కడో ఎవరో గెలిచిన కట్టను ఫోన్లో చూసి అవే కార్డులు కొని తెచ్చుకునేవాళ్ళు. అట్లా తెచ్చుకున్నవాడికి ఏ కార్డు ఎందుకుందో తెలియదు. ఒకటి దొరక్కపోతే దాని జాగాలో ఏం పెట్టాలో తోచక బిక్కమొహం వేస్తాడు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా కట్టను నేనే ఒక కాంబో చుట్టూ కట్టుకున్నాను. అందులో మూడు రకాల కార్డులు. ఒకటి చచ్చినవాళ్ళ కుప్పలోంచి ఒక చిన్న ప్రాణిని లేపుతుంది. ఇంకోటి, ఏ ప్రాణి లేచినా నాకు ఒక కార్డు తీసుకోనిస్తుంది. మూడోది, నేను కార్డు తీసుకున్నప్పుడల్లా ఎదుటివాడికి ఒక దెబ్బ వేస్తుంది. విడివిడిగా మూడూ చెత్తే. దుకాణంలో డబ్బా అడుగున పడి ఉండేవి, అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. మూడూ బల్ల మీద కలిశాయంటే మాత్రం ఎదుటివాడు తేరుకోలేడు.

ఇట్లా కలిసి పనిచేసే గుంపును మేం ప్యాకేజీ అంటాం. ప్యాకేజీ కనిపెట్టడం పెద్ద గొప్పేం కాదు, దాని చుట్టూ మిగతా కట్ట కట్టడంలోనే ఉంది అసలు పని. అది ఎంత జాగా తింటుందో చూసుకోవాలి. దాని ముక్కలు ఒంటరిగా చేతికొచ్చినప్పుడు, తోడు వచ్చేదాకా బతికి బట్టకట్టేది ఎట్లాగో చూసుకోవాలి. మొదట్లో నేనూ ఆశకు పోయి ఒకే కట్టలో రెండు ప్యాకేజీలు దూర్చాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టయింది, ఏ ఒక్కటీ పూర్తయ్యేది కాదు. మనసు చంపుకుని ఒకదాన్ని పీకేశాను. ఆ జాగాలో, కావలసిన ముక్కను కట్టలోంచి వెతికి తెచ్చే కార్డులు పెట్టాను, దెబ్బలను ఆపేవి కొన్ని పెట్టాను. ఓడినప్పుడల్లా ఎక్కడ ఆగిందో ఆలోచించి ఒకటి తీసేదాన్ని, ఒకటి పెట్టేదాన్ని. ఏడాది పైనే పట్టింది. చివరికి నా కాంబో దాదాపు ప్రతి ఆటలో సమయానికి వచ్చేది. అందరూ నాది అదృష్టం అనేవాళ్ళు. అదృష్టమట! నా కష్టాన్ని ఆ పేరుతో పిలిస్తేనే నాకు మండేది, ఇక దొంగతనమంటే ఎట్లా ఉంటుంది?

మా ఇంట్లో సాంచాలు ఉన్నాయి. మరమగ్గాలను మా దగ్గర అట్లా అంటాం, అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. బాపు వాటిని నడుపుతాడు, అవ్వ కండెలు చుడుతుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగితే, అవ్వ వచ్చి నా చాప పక్కన కూర్చుంది.

"గిన్నిట్ల పనిజేసేటియి ఏవే?" అని అడిగింది.

అంతవరకు మా ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. నా పానం లేచొచ్చింది. ప్యాకేజీ ముక్కలు తీసి వరసగా పెట్టి చూపించాను.

"గీ మూడు తీర్లే అవ్వా. మిగిలినయన్ని వీటిని తెచ్చేతందుకు, కాపాడేతందుకు."

"అయితే గివి నాడెలన్నట్టు" అన్నది. పోగును మోసుకుని సాంచాలో అటూ ఇటూ ఉరికేదాన్ని నాడె అంటారు. నా ఆటను అంత సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి మా దుకాణంలో కూడా లేడు.

దసరా నాడు మా వాడకట్టంతా సాంచాలు ఆపి, తుడిచి, పూజ చేస్తుంది. ఆ రోజు ల్యాబులో డ్యూటీ నాకు పడింది. అవ్వ సాంచాలకు, నాడెలకు, బాపు స్కూటర్‌కు, కత్తెరకు పసుపు కుంకుమ పెట్టింది. తర్వాత నా కార్డుల డబ్బా తెరిచింది. అందులోంచి ఆ మూడు రకాలూ ఏరి, ఒక్కో దాని వీపు మీద పసుపు బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. మిగతావాటికి పెట్టలేదు. సాంచాకు పూజ చేసేవాళ్ళు ప్రతి పోగుకూ బొట్టు పెట్టరు కదా. మర్నాడు, నేను చూస్తే లొల్లి చేస్తానని, తడిబట్టతో తుడిచి, మళ్ళీ కట్టలో కలిపేసింది. నాకు అప్పుడు చెప్పలేదు. కార్డులకు నేను వేసే ప్లాస్టిక్ కవర్లు నల్లవి, గరుకువి. పసుపు ఆ గరుకులో దిగి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప కనపడకుండా ఉండిపోయింది.

ఆ ఆదివారమే పోటీ. గెలిచినవాళ్ళను దుకాణం తరఫున హైదరాబాద్ పంపిస్తామన్నారు. చివరి ఆటదాకా వచ్చాను. ఎదురుగా హుజూరాబాద్ నుంచి వచ్చే ఒకతను. మా ఆటలో ఎదుటివాళ్ళ కట్టను కోసి, అంటే రెండుగా తీసి కిందిది పైకి పెట్టి, ఇవ్వడం మర్యాద. అతను నా కట్ట కోయబోయి ఆగాడు. పై కార్డును ట్యూబ్‌లైట్ వైపు వంచి చూశాడు, దాని కిందిదాన్ని చూశాడు, దుకాణమతన్ని పిలిచాడు.

దుకాణమతను నా కట్టను బోర్లా పరిచాడు. పచ్చటి మరక ఉన్నవాటిని ఒక పక్కకు తీశాడు. అందరూ చుట్టూ మూగారు. అతను వాటిని ఒక్కొక్కటే తిప్పాడు. అన్నీ నా ప్యాకేజీ ముక్కలే. అవి తప్ప ఇంకోటి లేదు. వీపు మీద గుర్తుంటే, పైన ఉన్నది ఏ కార్డో తీయకముందే తెలిసిపోతుంది. అంతకన్నా పెద్ద దొంగతనం మా ఆటలో లేదు.

"గందుకేనా చెల్లె, నీ కాంబో ఎప్పుడూ టైముకొస్తది?" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఒక్క మాటతో నా ఏడాది కష్టం, నేను తీసిన కార్డులు, పెట్టిన కార్డులు, ఓడి ఓడి నేర్చుకున్నదంతా మట్టిలో కలిపేశాడు. ఆ మూడు రకాలకే పసుపు అంటిందని చూడగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. చెప్పాను. దసరా పూజ అన్నాను, మా అవ్వ అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి అరవై ఉంటే గీటికే ఎందుకు పెట్టింది?" అన్నాడు దుకాణమతను.

"ఏవి పనిజేస్తయో నేనే చూపించిన గన్క. నమ్మకుంటే ఫోన్ చేస్త, ఆమెనే అడుగుండ్రి."

ఎంత ధీమాగా చేశానో ఆ ఫోను! అవ్వ ఎత్తగానే స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చాను. అతను గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేను కరీంనగర్‌ల గీ పోటీ నడిపెటాయన్ని మాట్లాడుతున్న. మీ బిడ్డ కార్డులకు మీరేమన్న పసుపు పెట్టిండ్రా?"

వెనక సాంచాల చప్పుడు వినపడుతోంది.

"లే సార్" అన్నది అవ్వ. "మేమేం పెట్టలే. గా కార్డుల ముచ్చటే మాకెర్కలేదు సార్. నా బిడ్డకు గూడ ఏం ఎర్కలేదు."

"అవ్వా!" అని అరిచాను. ఫోన్ పెట్టేసింది.

అతను ఫోన్ నా చేతికిచ్చి, "ఇగ పో చెల్లె" అన్నాడు. సాయంత్రానికి వాళ్ళ గ్రూపులో పెట్టారు, గుర్తులు పెట్టిన కార్డులతో ఆడినందుకు నన్ను తీసేశామని. కింద ఒకడు నవ్వే బొమ్మ పెట్టాడు. నాతో ఆడి ఓడినవాళ్ళంతా అప్పుడు గొంతులు తెచ్చుకున్నారు, మాకు ముందే అనుమానమని.

ఇంటికి పోయి అవ్వ మీద విరుచుకుపడ్డాను. బాపు సాంచా ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకు లేదన్నవే? పెట్టిన అంటే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా?"

"గా గొంతు ఇన్న బిడ్డా. గట్ల అడుగుతుండంటే నీ మీదికే ఏదో వచ్చింది అనుకున్న. పెట్టిన అంటే నిన్ను ఏమంటరో అని పరేషానయిన."

ఇది మా వాడకట్టు అలవాటు. గుమ్మంలోకి చొక్కా టక్కు చేసుకున్న మనిషి ఎవరొచ్చి ఏం అడిగినా ముందు లేదనాలి. కరెంటోళ్ళు వచ్చినా లేదు, సర్వేవాళ్ళు వచ్చినా లేదు. సాంచాలు ఎన్నంటే ఒకటి తగ్గించి చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఉన్నది ఊడిపోతుందని మావాళ్ళ నమ్మకం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అని ఊరికే అనలేదు. తప్పు చేయకున్నా తడుముకునేవాళ్ళం మేం. ఆ రోజు ఇదంతా అవ్వ మొహం మీదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవ్వ అన్నం పెట్టుకుని కలిపింది గానీ తినలేదు.

వారమంతా మాట్లాడలేదు. ఆదివారం పొద్దున నేను పక్క మీదే పడి ఉంటే, అవ్వ పెట్టెలో దాచిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది.

"నడువ్. నేనొచ్చి చెప్త."

వద్దన్నాను. వినలేదు. బస్సు వేములవాడ దాటేటప్పుడు రాజన్న గుడి దిక్కుకు దండం పెట్టుకుంది. తర్వాత దారి పొడుగునా పెదవులు కదిలిస్తూనే ఉంది. మొక్కుతుందనుకున్నాను, కాదు. చెప్పాల్సిన మాటలు అప్పజెప్పుకుంటోంది.

మెట్లెక్కి పైకి పోయేసరికి ఆటలు నడుస్తున్నాయి. అవ్వ చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. దుకాణంలో ఎవరూ చెప్పులు విడవరు. గల్లా దగ్గర నిలబడి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"సారూ, పసుపు నేనే పెట్టిన. దసరా నాడు పెట్టిన. మల్ల నేనే తుడిచిన. నా బిడ్డకు చెప్పలే. ఫోన్ల లేదన్నది అబద్ధం. భయానికి చెప్పిన."

ఎవరైనా పెద్దమనిషి గుమ్మంలోకొస్తే నిజం చెప్పని మా అవ్వ, ఊరుగాని ఊరిలో పదిమంది మగపిల్లల ముందు, తన అబద్ధాన్ని తానే ఒప్పుకుంది. నేను మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాను.

దుకాణమతను లేచి ఆమెకు కుర్చీ వేశాడు. నీళ్ళు తెప్పించాడు. నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరువను.

"అమ్మా, ఆనాడు మీరే గదా పెట్టలే అన్నరు? ఇయ్యాల బిడ్డ ఏడుస్తుందని వచ్చిండ్రు. తల్లి మనసు, నాకు సమజైతది. ఏం ఫికర్ చెయ్యకుండ్రి, మేం పోలీసులకేం చెప్పం."

"రాజన్న మీద ఒట్టు సారూ" అన్నది అవ్వ.

"గిందుకు ఒట్లెందుకమ్మా" అన్నాడు అతను, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నా కడుపు మండిపోయింది. తిట్టినా బాగుండేది. నేను నోరు తెరిచేలోపే అవ్వ నా చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాగింది. నీళ్ళు ముట్టలేదు.

బస్టాండ్‌లో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. నేను ఆగలేకపోయాను. "అబద్ధం చెప్తే ఒక్క మాటకు నమ్మిండు. నిజం చెప్తే నమ్మడా? వాడేం మనిషే అవ్వా?" అని అందరూ తిరిగి చూసేటట్టు అరిచాను.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమెకు నాకొచ్చినంత కోపం రాలేదు, ఆశ్చర్యం అసలే లేదు.

"నిజం చెప్తే మనల నమ్మరు బిడ్డా. నాకు ముందుగాలనే ఎర్కే. గందుకే ఎన్నడు చెప్పలే."