మెట్టు మీద గాలి

కంపెనీ బస్సు దిగి తిరువళ్ళూరులోని నా అద్దెగదికి చేరేసరికి ఒళ్ళు హూనమైంది. రాగిసంగటి కెలుకుతుంటే లేచిన ఆవిరికి తిరుత్తణిలో మా ఇల్లు గుర్తొచ్చింది. అదీ ఒంటిగదే. నాన్న, పిల్లలం కంచాల ముందు కూర్చుంటే నిండిపోయేది. అమ్మ తన సంగటి, ఆకుకూర పట్టుకుని బయట మెట్టు మీద తినేది. నాకప్పుడు జాలి మహా ఎక్కువ.

"లోపల చోటు లేదనా మా, ఈడ కూర్చున్నావు?" అని ఏడ్చాను.

"చోటు లేక కాదురా. ఈడ గాలి బాగుండాది. నువ్వు పోయి తిను," అంది.

నన్ను ఓదార్చడానికే అలా అందని ఇన్నేళ్ళూ నమ్మాను.

ఈ గదిలో చోటంతా నాదే. అయినా ఉక్క భరించలేక కంచంతో మెట్టు మీదికొచ్చాను. చెమట పట్టిన మెడకి గాలి తగిలింది. పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చిన అమ్మ నిజమే చెప్పింది.