గిద్దలూరు అంగట్లో తెరిచిన పెట్టె

చిన్నోడా! నువ్వు పోయి రెండో నెల నడుస్తోంది. మామూలు జ్వరమే అనుకున్నాం. నాలుగు రోజుల్లో నిన్ను తీసుకుపోయింది. చదివేవాళ్లకు చెబుతున్నాను, వాడు నా చిన్న కొడుకు. నేను ఐదో తరగతి దాటలేదు, తోచినట్టు రాస్తున్నాను.

మార్కాపురంలో మా ముందు గదిలో వాడు బల్ల మీద ఆడే ఆట ఒకటి తయారు చేసేవాడు. అన్నీ వేలి కణుపంత బొమ్మలు. గొర్రెల కాపరులు, వాళ్ల మందలు, మీద పడే చిరుతలు. సన్న కుంచెతో రంగులేసి, ఎట్లా ఆడాలో రాసిన కాగితంతో పెట్టెలో సర్దేవాడు. చేయడం కష్టం కాలేదు వాడికి, అమ్మించడమే కష్టమైంది. సంచి భుజాన వేసుకుని కురిచేడు దాకా తిరిగేవాడు. బొమ్మల దుకాణం వాళ్లు పుస్తకాల దుకాణానికి పొమ్మనేవాళ్లు, వాళ్లు మళ్లీ బొమ్మల దుకాణానికి. ఒకాయన పెట్టె ఊపి చూసి, "ఇంతింత బొమ్మలకు ఇంత రేటా? ముక్కుపుడకలా ఏంది ఇవి?" అన్నాడట. అమ్మకానికి పెట్టుకున్నవాళ్లు కూడా పై అరలో పడేసేవాళ్లు. ఆర్నెల్లకు దుమ్ముకొట్టుకుని, కాళ్లు విరిగి తిరిగొచ్చేవి. వాడు కూర్చుని అతికించేవాడు. "మందలో కుంటి గొర్రె ఉండదా అమ్మా?" అని నవ్వేవాడు.

గిద్దలూరులో గాజులు, రిబ్బన్లు అమ్మే ఒకావిడ మాత్రం వాడిని కూర్చోబెట్టింది. "మూసిన పెట్టె ఎవరు కొంటారు నాయనా? ఒకటి తెరిచి ఈ బల్ల మీద పెట్టు. నాకు నేర్పు, వచ్చినోళ్లతో నేనే ఆడతా" అందట. ఆడింది. అక్కడ పెట్టెలు అమ్ముడుపోయాయి.

వాడు ఆమెను అత్తా అనేవాడు. శనివారం పెట్టెలు ఇచ్చి, అక్కడే తిని వచ్చేవాడు. నేను కంచం పెడితే "అత్త ఉలవచారు పోసిందమ్మా, కడుపులో చోటు లేదు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "రామ్మా, ఒక్క ఆట" అని నన్నూ ఎన్నిసార్లో పిలిచాడు. పనుందనేదాన్ని.

ఎండాకాలం సెలవుల ముందు వాడి ఫోను మోగితే నేనెత్తాను. ఆమే.

"వదినా, పిల్లోళ్లు అడుగుతుండారు. ఇంకిన్ని పెట్టెలు పంపు."

"లేవమ్మా, అయిపోయినాయి" అన్నాను. గది నిండా ఉన్నాయి.

వాడికి తెలిసింది. అరవలేదు. "నా ఆట అడిగేది ఆ ఒక్క అంగట్లోనే అమ్మా. అక్కడ కూడా లేదంటివి, ఇంక నేనేడికి పోవాల?" అని పెట్టెలు ఎత్తుకుని పోయాడు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు నేను.

కర్మ రోజున ఆమె వచ్చింది. అందరూ పోయాక గడపలో నిలబడి, "వదినా, మిగిలిన పెట్టెలు నాకియ్యి. ఆడేవాళ్లుండారు, వాడి ఆట నిలబడతాది" అంది. ఇవ్వబుద్ధి కాలేదు. నిజం చెబుతున్నాను. పోయాక కూడా వాడు ఆమె అంగట్లోనే ఉంటాడు, నా ఇంట్లో ఉండడు అనిపించింది.

"ముందు నాకు నేర్పు" అన్నాను.

ఒక పెట్టె విప్పి నేల మీద కూర్చున్నాం. మంద ఎట్లా నడవాలో చూపించింది. చిరుతను చేతిలోకి తీసుకుని, "ఇది ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు" అంది.

"ఈ పొద్దు నాది" అని లాక్కున్నాను. నవ్వబోయి ఏడ్చింది. చిరుత నా చేతిలో ఉన్నా నేనే ఓడిపోయాను. పెట్టెలన్నీ ఇచ్చాను.

ఇప్పుడు శనివారాలు నేనే గిద్దలూరు పోతున్నాను. ఆ బల్ల చుట్టూ పిల్లలు వంగి ఉంటారు, వాడు రంగులేసిన గొర్రెలు వాళ్ల వేళ్ల మధ్య కదులుతుంటాయి. మధ్యాహ్నం ఆమె అన్నానికి పిలుస్తుంది. మొదటి వారం ఆకలి లేదన్నాను. మొన్న తిన్నాను. ఉలవచారు బాగుంది, ఆ మాట ఆమెతో ఇంకా అనలేదు. మీరు మాత్రం, ఎవరు పెట్టినా సరే, కడుపునిండా తినండి.