లెక్కలోకి రాని సొర

సూర్యకళ పట్టు ముందు ఉడుంపట్టు కూడా చిన్నబోతుంది. పదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు ఇంట్లో అందరూ చదువు మానేసి వలలు అల్లుకోమన్నారు. ఆ పిల్ల అదే పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చేసి, మళ్లీ పరీక్ష రాసి, తొంభై రెండు మార్కులు తెచ్చుకుంది. అంకె అంటే ఆమెకు అంత కసి.

అలాంటి మనిషికి ఒక డాక్టరు అంకె చెప్పాడు. డెబ్బై రెండు.

పోర్టు రోడ్డులో కంటైనర్లు దించే ఒక యార్డులో క్రేను నడిపే పనికి ఆమె ఎంపికైంది. ఐటీఐ చదివింది, నలభై మంది మగవాళ్ల మధ్య క్రేను టెస్టులో రెండో స్థానంలో నిలిచింది. సరిగ్గా అప్పుడే కడుపుతో ఉందని తేలింది. కాన్పయ్యాక రమ్మన్నారు యార్డువాళ్లు. పాపకి రెండున్నర నెలలు నిండాక వెళ్తే, అక్కడి డాక్టరు ఆమెను తూకం ఎక్కించి తల అడ్డంగా ఊపాడు. ఎనభై ఒక్క కిలోలు. క్రేను కేబిన్‌కి వెళ్లాలంటే నిట్టనిలువు ఇనుప నిచ్చెన ఎక్కాలి. ఆమె ఎత్తుకి డెబ్బై రెండు దాటితే ఆయన సంతకం పెట్టడు. నాలుగు నెలలు గడువిచ్చాడు. అది దాటితే ఆ సీటు ఇంకొకరిది.

తొమ్మిది కిలోలు. తమ ఊరు యారాడకి తిరిగి వెళ్లే ఆటోలో ఒడిలో పాప పాలు తాగుతుంటే సూర్యకళ ఒట్టు పెట్టుకుంది. ఒళ్లు తగ్గాలి, పాలు తగ్గకూడదు. డబ్బాపాలు పట్టేవాళ్లంటే ఆమెకు చిన్నచూపేమీ లేదు. కాని తనకి పాలున్నాయి, బుజ్జికి ఆ పాలంటే ప్రాణం, వాళ్లిద్దరి మధ్యకి ఉద్యోగం రాకూడదని ఆమె పంతం. ఉద్యోగం వదులుకునే ఆలోచన మాత్రం ఆమె బుర్రలోకి రానేలేదు.

అప్పటికే ఆమె 'తేలిగ్గా ఉంటుంద'ని పొద్దున్నే అన్నం మానేసి స్మూతీ తాగుతోంది. మిక్సీ కొన్నది భర్త అప్పలరాజు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు, వేటకెళ్తే పది పన్నెండు రోజులు మనిషి దొరకడు. రెండు అరటిపళ్లు, పెద్ద గ్లాసుడు గేదెపాలు, అయిదు ఖర్జూరాలు, గుప్పెడు వేరుశెనగపప్పు, అన్నీ గిర్రున తిప్పి గటగటా తాగేది. జ్యూసే కదా, నీళ్లే కదా అనుకునేది. ఆ రోజు ఫోనులో లెక్క వేస్తే గ్లాసు ఒక్కటీ ఏడువందల క్యాలరీలు తేలింది. సూర్యకళ ఆ గ్లాసు వంక దొంగని చూసినట్టు చూసింది.

మర్నాటినుంచి వంటగదిలో అత్త గురువమ్మ చేపల కాటా వెలిసింది. గురువమ్మ సింధియా మార్కెట్లో నలభై ఏళ్లుగా చేపలమ్ముతోంది. ఆవిడ చేతిలో పడ్డ చేప బరువు కాటా చూడకుండానే చెప్పేస్తుంది, పదిసార్లకి తొమ్మిదిసార్లు తప్పదు. కాటా ఎందుకంటే కొనేవాళ్ల తృప్తి కోసం.

"ఏటే ఇది? అరటిపండుని సేపల కాటా మీద ఎట్టినావేటి?" అంది గురువమ్మ.

"గ్రాములు సూత్తన్నాను అత్తా. సగం పండే ఎయ్యాల."

"అరటిపండుకి గ్రాములేటే. కడుపు నిండిందా నేదా అని సూసుకోవాల గాని."

సూర్యకళ వినలేదు. రోజుకి పన్నెండొందల క్యాలరీలని గోడ మీద క్యాలెండర్‌లో రాసుకుంది. సగం అరటిపండు, వెన్న తీసిన మజ్జిగ, రెండు చెంచాల ఓట్స్, నాలుగు పుదీనా ఆకులు. చేపల వాసనొచ్చే స్మూతీ. మధ్యాహ్నం కూడా అదే, రాత్రికి ఒక గుడ్డు. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు దిగింది. సంతోషం పట్టలేక సముద్రంలో ఉన్న భర్తకి పదిసార్లు ఫోను చేసింది. సిగ్నల్ లేదు.

కాని ఆ నెలలోనే బుజ్జి మారింది. రొమ్ము పట్టుకుని రెండు నిమిషాలు లాగడం, వదిలేయడం, ముఖం ఎర్రగా చేసుకుని ఏడవడం. ఒకరోజు గురువమ్మ మనవరాలిని రెండు చేతుల మీదికి తీసుకుని ఒక్క క్షణం ఆగింది.

"గుంట తేలిపోయినాదే కళా. అయిదు కిలోలు కూడా నేదు. నెలయ్యింది, పావు కిలో కూడా పెరగనేదు."

సూర్యకళ కొట్టిపారేసింది. రెండు రోజుల తర్వాత టీకాలేసే నర్సమ్మ వచ్చి పాపని తూచింది. నాలుగు కిలోల తొమ్మిదొందల యాభై. పాప కార్డు మీద పైకి పోవలసిన గీత నేలబారుగా పాకుతోంది. "పాలు చాలట్లేదమ్మా. ఇలాగే ఉంటే డబ్బాపాలు మొదలెట్టాలి" అంది నర్సమ్మ. ఆ మాట సూర్యకళకి గుండెలో గుచ్చుకుంది. నాలుగు కిలోలు తను తగ్గిందనుకుంది. తగ్గింది పిల్ల నోటికాడి కూడు. ఆ రోజంతా పాపని చంకలోంచి దించలేదు.

నర్సమ్మే ఒక ఫోను నంబరిచ్చింది. కుసుమకుమారి అని కర్నూలావిడ, బాలింతలకి ఏం తినాలో ఫోనులోనే చెబుతుంది. సూర్యకళ తన కథంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పి, 'పాలు పడాల, బరువు తగ్గాల మేడం' అని ముగించింది. సాయంత్రానికి ఒక పట్టిక వచ్చింది. ఫోను తెరలో పట్టేలా మాటలన్నీ కురచగా రాసిన పట్టిక. పొద్దున స్మూతీ, సాయంత్రం స్మూతీ, మధ్యలో అన్నం, పప్పు, గుడ్లు, రాత్రికి రెండు చపాతీలు. స్మూతీ గడిలో ఇలా ఉంది: ఓట్స్ 2 చెంచాలు, పుదీనా, జీలకర్ర, నిమ్మ, సొర 150 గ్రా. సొర ఎదురుగా క్యాలరీలు: 22.

పట్టిక చదివి వినిపిస్తుంటే సొర దగ్గర గురువమ్మ ఆపింది. "ఏటన్నావు? సొరా?"

ఆ ఇంట్లో బాలింతకి పాలు పడాలంటే మందు అదొక్కటే. లేత పాలసొర తెచ్చి, ఉడకబెట్టి, పొరలు విప్పి, అల్లం వెల్లుల్లితో పొడిపొడిగా వేయించి పెడతారు. కాన్పయిన కొత్తలో గురువమ్మ చేసిపెడితే, నూనె ఉందని పక్కకి నెట్టేసింది ఈ కోడలే. అయినా సూర్యకళకి కొంచెం అనుమానం వచ్చింది. సొరని మిక్సీలో వేస్తారా ఎక్కడైనా? మళ్లీ మెసేజ్ పెట్టింది: సొర పచ్చిదే వేయాలా మేడం, ఉడకబెట్టాలా?

జవాబు వెంటనే వచ్చింది. "ఉడికిస్తే మంచిదమ్మా. లేతది చూసి తెచ్చుకో. తొక్క తీసి ముక్కలు చెయ్యి."

"ఇన్నావా? లేతది తెమ్మన్నాది. తొక్క తియ్యమన్నాది. సదువుకున్నోలంటే ఆలే! మనూరి మందు కర్నూలు దాకా ఎల్లిపోనాదే" అని గురువమ్మ పొంగిపోయింది. మర్నాడు తెల్లారకముందే హార్బర్‌లో వేలం దగ్గర నిలబడి, వేరే ఎవరినీ ముట్టుకోనివ్వకుండా రెండు పాలసొరలు ఏరి తెచ్చింది.

ఆ స్మూతీ రుచి గురించి ఎక్కువ చెప్పను. తాగిన మొదటిరోజు సూర్యకళ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు మూసుకుని తాగింది, పొద్దునొకటి, సాయంత్రమొకటి. పైగా ఇంకో ఘనకార్యం కూడా చేసింది. సొరకి ఇరవై రెండే కదా, మిగతాదంతా బరువే కదా అని, నోట్‌బుక్‌లో దించుకున్న పట్టికలోని అన్నం మీదా చపాతీల మీదా గీత కొట్టేసింది. ఆ సంగతి అత్తకి చెప్పలేదు, కర్నూలావిడకీ చెప్పలేదు. ప్రతి గింజనీ ఫోనులో సరిచూసుకునే మనిషి ఈ ఇరవై రెండుని మాత్రం సరిచూడలేదు. మనకి కావలసిన అంకె దొరికాక ఎవరు మాత్రం సరిచూస్తారు?

పది రోజులకి పాలు వచ్చాయి. ఊరికే రావడం కాదు, బుజ్జి ఒకవైపు తాగుతుంటే రెండోవైపు జాకెట్టు తడిసిపోయేటంత. గురువమ్మ గెలిచినదానిలా ఊళ్లో తిరిగింది. నెలన్నరకి పాప ఆరు కిలోలు దాటింది. తొడల మీద మడతలు పడ్డాయి. సూర్యకళ ఆ మడతల్లో వేలు పెట్టి చూసుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వుకునేది.

కాని తన బరువే లెక్కకి రావడం లేదు. నోట్‌బుక్‌లో రాసినదాని ప్రకారం వారానికి కిలో దిగాలి. కాటా మీద అరకిలో కూడా దిగట్లేదు. పేజీలు మళ్లీ మళ్లీ కూడింది. కూడిక తప్పు లేదు. గడువు ఇంకా నెలన్నర ఉంది, తను డెబ్బై నాలుగున్నర దగ్గర ఉంది. ఉండబట్టలేక కుసుమకుమారికి వీడియో కాల్ చేసింది.

"నువ్వు వేసేవన్నీ ఒకసారి చూపించమ్మా" అందావిడ.

ఓట్స్ చూపించింది, పుదీనా చూపించింది. "సొర?" అంది ఆవిడ. గురువమ్మ పక్కనుంచి వచ్చి, మూరెడు సొరని తోక పట్టుకుని ఫోను ముందు ఆడించింది.

అవతల కెవ్వుమని కేక. "ఏందమ్మా అది!"

"సొర, మేడం."

"అది చేప! నేను చెప్పింది సొరకాయ!"

"సొరకి కాయేటి?" అంది గురువమ్మ, నిజంగానే అర్థం కాక.

సూర్యకళకి మెల్లగా వెలిగింది. టీవీలో వంటలవాళ్లు సొరకాయ అని చూపించేది, తమ ఊళ్లో పందిళ్ల మీద వేలాడేది, తాము పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆనపకాయ అనేది. లేత ఆనపకాయ. తొక్క తీసిన ఆనపకాయ. ఇరవై రెండు క్యాలరీల ఆనపకాయ. "ఓలమ్మో" అని నేల మీద కూలబడింది. గురువమ్మకి విషయం తెలిశాక నవ్వు ఆగలేదు. కర్నూలావిడా నవ్వింది, నవ్వుతూనే కాగితం మీద లెక్క వేసింది.

"రోజుకి మూడొందల యాభై క్యాలరీలు నీ లెక్కలోకి రాకుండా నీ కడుపులోకి పోయినాయి తల్లీ. సరే, అన్నం చపాతీలు అన్నీ తింటూనే బరువు తగ్గినావా మరి?"

సూర్యకళ నోట్‌బుక్ వెనక్కి దాచబోయింది. గురువమ్మ నవ్వు ఆగిపోయింది. కోడలి ముఖం చూసింది, నోట్‌బుక్ లాక్కుంది. చదవడం రాదు గాని గీతలు కొట్టినవి తెలుస్తాయి.

"అన్నం మానీసినావేటే?" గొంతు చిన్నదైపోయింది. "నాను రోజూ వండి గిన్నెలో ఎడతన్నాను గందా. ఏటి సేసినావు ఆ కూడు?"

"పక్కింటి కుక్కకి, అత్తా."

గురువమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే సూర్యకళ తట్టుకునేది. ఆవిడ పాపని ఎత్తుకుని అరుగు మీదకి వెళ్లిపోయింది. ఫోనులో కుసుమకుమారి నెమ్మదిగా చెప్పింది. నీ పాపని బతికించింది నీ లెక్క కాదమ్మా, మీ అత్త చేప. ఆ చేప లేకపోతే నువ్వు మళ్లీ ఆ పన్నెండొందల దగ్గరే ఉండేదానివి. సొరలో పాదరసం ఉంటుంది, పాలిచ్చే తల్లి రోజూ తినకూడదు, ఇంక మానెయ్. నెత్తళ్లలాంటి చిన్న చేపలు తిను. అన్నం తిను. నడువు. బరువు మెల్లగానే దిగాలి.

"గడువు దాటిపోతే మేడం?"

"దాటితే దాటుతుంది. పాప చెయ్యి దాటిపోతే?"

సూర్యకళ ఆ రాత్రి అత్త ముందు కూర్చుని అన్నం తిన్నది, నెత్తళ్ల ఇగురుతో. కళ్లు తుడుచుకుంటూ తిన్నది. తర్వాత నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, పైన పదిహేడొందలు అని రాసింది. పట్టు వదల్లేదు సుమా, పట్టుకునేది మార్చుకుంది. ఈసారి అంతకంటే తక్కువ తినడం కూడా తప్పే. రోజూ పొద్దున్నే పాపని అత్తకిచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండ ఎత్తురోడ్డు సగందాకా ఎక్కి దిగేది. పొద్దున ఆనపకాయ స్మూతీ కూడా తాగింది. సొర కంటే అదే అన్యాయంగా ఉందని చెప్పింది.

గడువు రోజు వచ్చింది. పాపకి ఆరు నెలలు దాటాయి, ఏడు కిలోలు నిండాయి. తెల్లవారుజామున అయిదింటికి పాలిచ్చి, గురువమ్మని తోడు తీసుకుని యార్డుకి బయల్దేరింది. బుజ్జి ఆటోలో నిద్రపోయింది. అక్కడ కొత్తగా చేరేవాళ్లు చాలామంది ఉన్నారు. వరస కదిలి సూర్యకళ పేరు వచ్చేసరికి పన్నెండయింది; అందాకా వరండాలో గురువమ్మే బుజ్జికి రాగిజావ పట్టి ఆడించింది. సంతకం పెట్టే డాక్టరు ఒంటిగంటకి వెళ్లిపోతాడు.

తూకం చూసేవాడు వీర్రాజు. చెప్పులు విప్పమన్నాడు, ఎక్కమన్నాడు. ఎర్ర అంకెలు ఊగి ఊగి ఆగాయి. 72.2.

"రెండొందల గ్రాములు ఎక్కువమ్మా" అన్నాడు.

సూర్యకళ కాటా దిగి చెప్పులు వేసుకుంది. నాలుగు నెలలు, ఒక్కో గింజా లెక్కపెట్టిన నాలుగు నెలలు. నిన్న తిన్న అన్నం మానేసి ఉంటే ఇవాళ సరిపోయేది. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకి కోపం వచ్చింది. తిన్నందుకు మాత్రం ఏడవనని గట్టిగా అనుకుంది.

అప్పుడే బయట వరండాలోంచి బుజ్జి ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు. వినీ వినగానే సూర్యకళ రొమ్ములు జివ్వుమన్నాయి, జాకెట్టు తడిసింది. అయిదింటి తర్వాత పాలు ఇవ్వలేదు. ఏడు గంటలు. రాళ్లలా గట్టిగా, బరువుగా ఉన్నాయి.

బరువుగా.

"బాబూ, మళ్లీ ఎక్కొచ్చా?"

"రూలేటి నేదమ్మా, ఒంటిగంట నోపు ఎన్నిసార్లయినా ఎక్కు. పావుగంటలో ఏటి తగ్గిపోతాది?"

ఆమె అప్పటికే వరండాలో ఉంది. గురువమ్మ చేతుల్లోంచి పాపని తీసుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. గురువమ్మ చీరకొంగు అడ్డం పట్టింది. బుజ్జి రెండు చేతులతో పట్టుకుని గుటకలు వేసింది, ఒకవైపు ఖాళీ చేసి రెండోవైపుకి మారింది. సూర్యకళ గోడగడియారం చూడలేదు. పాప గొంతులో దిగుతున్న ప్రతి గుటకనీ విన్నది. చివరికి బుజ్జి నోరు వదిలి, పాలు కారుతున్న మూతితో నవ్వింది. దాన్ని అత్తకిచ్చి లోపలికి వెళ్లింది.

చెప్పులు విప్పింది, ఎక్కింది. అంకెలు ఊగాయి. 72.0.

వీర్రాజు వంగి ఒకసారి, నిలబడి ఒకసారి చూశాడు. "ఏటి తీసీసినావమ్మా? గొలుసా, గాజులా?"

"ఏటీ తియ్యనేదు బాబూ" అంది సూర్యకళ. "నా గుంటకి ఇచ్చీసొచ్చినాను."

వీర్రాజుకి అర్థమైందో లేదో గాని, డెబ్బై రెండు అని రాసి కాగితం డాక్టరు గదిలోకి పంపించాడు.