పగుళ్ళేం లేవుగా

మా డెల్మర్ మామయ్య దృష్టిలో పాడైపోయిన వస్తువంటూ లోకంలో లేదు. ప్రతిదీ ఇంకో ఆకారం కోసం ఎదురుచూస్తున్నదే.

అమెరికాలో, వయోమింగ్‌లో మా ఊరివాళ్ళు షూటింగ్ మైదానానికి తుపాకులు కాల్చడానికి వెళతారు. మామయ్య ఏరడానికి వెళతాడు. మోకాళ్ళ మీద పాకుతూ, జనం వదిలేసిన ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాలను పగుళ్ళున్నాయేమో తిప్పి చూసి బకెట్లో వేసుకుంటాడు. ఇంటికొచ్చి వాటి మూతి దగ్గరి మెడ వేడిచేసి, అచ్చులో నొక్కి, ఒక రైఫిల్ గొట్టాన్ని ఇంకో రైఫిల్‌కు సరిపడేలా మార్చేస్తాడు. జబ్బు ఇత్తడితో ఆగలేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి నవంబరులో వండిన టర్కీ కోడి మార్చి దాకా ఏడు అవతారాలెత్తింది. కాలేజీ మానేసి వచ్చిన నన్ను చూసి మా నాన్న తలుపేసుకుంటే, మామయ్య ఎగాదిగా చూసి, "పగుళ్ళేం లేవుగా, పనికొస్తాడు" అన్నాడు.

నిరుడు అక్టోబరులో నెవా అత్త వచ్చింది. డెల్మర్‌కు వదిన. భర్త, అంటే మా పెద్ద మామయ్య, పక్కన నలభై ఏళ్ళు దుప్పుల వేటకు వెళ్ళిన మనిషి, ఆయన పోయాక గుమ్మం దాటడం అదే మొదటిసారి.

"మీ అన్న రైఫిల్ శనివారం అమ్మేస్తున్నా. ఆయన దాచుకున్న తూటాలు అయిపోయాయి. కొట్లో దొరకవు. ఒకాయన గోడకి తగిలించుకుంటానంటున్నాడు."

"శుక్రవారం దాకా ఆగు వదినా."

"నా కాఫీ కెటిల్‌కీ అదే చెప్పావు. పూలకుండీ చేసిచ్చావు."

"పూలు పూశాయా లేదా?"

అన్న రైఫిల్‌కు గొట్టాలు మార్చే తొందరలో మామయ్య, జన్మలో మొదటిసారి, మెడలు వేడిచెయ్యడం మరిచిపోయాడు. వేడి తగలని ఇత్తడి మహా మొండిది. నొక్కిన ప్రతిదీ చీలింది.

"ఇవి ఇంకేమవుతాయి మామయ్యా?"

"నోర్మూసుకో."

సరిపడే గొట్టాలు ఇక మూడే మిగిలాయి. వాటి మెడలు వేడిచేసి, జారడానికి తన భార్య చేతులకు రాసుకునే క్రీమంతా పూసి, ఊపిరి బిగబట్టి అచ్చులో నొక్కాడు. మూడూ చీలకుండా నిలిచాయి. మందూ గుండూ నింపి తూటాలు చేశాడు.

శనివారం కొనేవాడు తలుపు తట్టేసరికి నెవా అత్త మాతో కొండమీద ఉంది. ఆవిడ పేల్చిన మొదటి తూటా పైన్ చెట్టుకు తగిలింది. రెండోది దుప్పికి.

అత్త రైఫిల్ నిమిరి, "చాలు. ఇంక దీని పని అయిపోయింది" అంది.

మామయ్య అప్పటికే మంచులో మోకాళ్ళ మీద పాకుతున్నాడు. ఇంకా వెచ్చగా ఉన్న గొట్టాన్ని పట్టుకుని లేచాడు.

"అయిపోవడమేంటి వదినా? అన్న రైఫిల్లో ఒకసారి పేలాక దీని ఆకారం ఇప్పుడే సరిగ్గా కుదిరింది. మళ్ళీ మందు నింపుతా. వచ్చే ఏడు నువ్వు రావాలి మరి."

"ఎన్నేళ్ళు పనిచేస్తుందేం?"

"జాగ్రత్తగా చూసుకుంటే ఎనిమిదేళ్ళు."

"అప్పటికి నాకు ఎనభై నాలుగొస్తాయిరా."

మామయ్య ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"పగుళ్ళేం లేవుగా."