రెండో పూతకు ముందు

ఆ రోజు పొద్దున బస్టాండు హాల్లో బస్సు ఎక్కాల్సినవాళ్లు కూడా కదల్లేదు. అందరి కళ్లూ గోడకు ఆనించిన నిచ్చెన మీదే. నిచ్చెన మీద కుంచె మావయ్య, చేతిలో ఎర్రరంగు డబ్బా. నోట్లో మాత్రం ఏమీ లేదు. జనం చూడవచ్చింది ఆ ఖాళీ నోటినే.

ఊళ్లో ఏ దుకాణం ముందు తలెత్తినా ఆయన రాసిన అక్షరమే కనిపించిన రోజులుండేవి. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. సాయంత్రం చెబితే పొద్దున్నకల్లా నవ్వు మొహాలతో సహా అచ్చయి వస్తుంటే, దారం పట్టి గీత కొట్టుకునే మనిషి ఎవరికి కావాలి? కిటికీ ఊచలకు రంగులు వేసుకుని బతికాడు. అంతలో పొగ మీద నిషేధం వచ్చింది. బస్టాండు, ఆసుపత్రి, కోర్టు, ఎక్కడా సిగరెట్టు వెలిగించకూడదు. వెలిగిస్తే జరిమానా. ఫ్లెక్సీ కడితే చింపేస్తారు, గోడల మీదే రాయించండని ఎవరో పుణ్యాత్ముడు సలహా ఇచ్చాడు. ఇన్నాళ్లకు ఊరికి కుంచె గుర్తొచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. ఊళ్లో ఆయనంతగా పొగ తాగేవాడు లేడు. పోయిన వారం కోర్టు గోడ మీద 'పొగ తాగరాదు' అని రాస్తూ, నోట్లో సిగరెట్టుతో పత్రికలో పడ్డాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వనివాడు బస్టాండు మేనేజరు ఒక్కడే.

"మధ్యాహ్నం మంత్రిగారొస్తున్నారు పెద్దాయనా. నీ నోట్లో సిగరెట్టు కనబడిందా, మిగతా గోడలన్నీ ఫ్లెక్సీవాడికే" అన్నాడు ఇవాళ పొద్దున్నే.

అన్నవాడి చొక్కా జేబులో సిగరెట్టు పెట్టె ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. చట్టం ఏదైనా ముందుగా నిచ్చెన మీద ఉన్నవాడి మీదే పడుతుంది.

పొగ ఆయనకు ఉత్త వ్యసనమే అయితే ఎలాగో ఓర్చుకునేవాడు. అది ఆయన పనిముట్టు కూడా. మొదటి పూత వేశాక సిగరెట్టు వెలిగిస్తాడు. వేళ్లకు వేడి తగిలేసరికి పూత ఆరి ఉంటుంది. అప్పుడు రెండో పూత. పెళ్లికి ముందునుంచీ ఇదే లెక్క.

'ఇక్కడ పొగ తాగరాదు' అని రాయాలి. 'ఇక్కడ' అన్న మాట మొదటి పూత చక్కగా పడింది. ఎదురుగా గడియారం ఉంది, చూశాడు. కానీ ఖాళీ చెయ్యి గడియారం మాట వినదు. జేబు తడిమింది, చెవి గోకింది, చివరికి తనంతట తనే కుంచె అందుకుంది. పచ్చి పూత మీద రెండో పూత పడగానే రంగు ముద్దగా లేచి, ఎర్రటి చారలు గోడ కిందిదాకా జారాయి.

"మావా, అక్షరం ఏడుస్తోంది" అన్నాడొక కండక్టరు.

"సిగరెట్టు ఇవ్వలేదని" అన్నాడు పక్కనున్న డ్రైవరు.

హాలంతా గొల్లుమంది. మేనేజరు పరుగున వచ్చి చారలు చూసి ఫోను తీశాడు. "మంత్రిగారొచ్చేలోపు ఒక ఫ్లెక్సీ అవుతుందా? సిద్ధంగా ఉండు, మళ్లీ చెబుతా" అనడం నిచ్చెన మీదికి స్పష్టంగా వినిపించింది.

సరిగ్గా అప్పుడే మావయ్య భార్య క్యారేజీ పట్టుకుని వచ్చింది. పొగంటే ఆమెకు ఊపిరాడదు. ఇన్నేళ్లలో ఆయన రంగుల దుకాణం లోపల ఆమె కాలు పెట్టలేదు. గడప మీద క్యారేజీ పెట్టి, తలుపు మీద టకటకా కొట్టి వెళ్లిపోయేది. ఇవాళ తిన్నగా నిచ్చెన మొదట్లోకి వచ్చి నిలబడి గోడ చూసింది.

"ఇదేంటయ్యా, గోడ మీద కోడిని కోశావా?"

"చెయ్యి ఆగట్లేదే" అన్నాడాయన, జనానికి వినబడకుండా. "ఆపడానికి ఏమీ లేదు."

"నేను లేనా? తుడిచి మళ్లీ రాయి" అని ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి కూర్చుంది.

తుడిచాడు. రాశాడు. దిగి కూర్చుని కుంచె కింద పెట్టాడో లేదో ఆమె మాట అందుకుంది.

"మా తమ్ముడి పెళ్లికి ఏ చొక్కాతో వచ్చావో గుర్తుందా?"

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. దానికి బోర్డు అక్కర్లేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఏ పనీ ముట్టుకోకూడదు. చెయ్యి బుద్ధిగా మోకాలి మీద కూర్చుంది.

"పచ్చరంగు ఆరని చొక్కా. మా పిన్ని ఆప్యాయంగా దగ్గరికి తీసుకుంటే ఆవిడ కొత్త బట్టలన్నీ పచ్చగా అయ్యాయి. అప్పుడైనా సిగ్గుపడ్డావా? 'ఎన్నిసార్లు ఉతికినా పోదు పిన్నిగారూ, గ్యారంటీ రంగు' అన్నావు."

హాలు దద్దరిల్లింది. పిన్ని అలిగిన వైనం, మళ్లీ గడప తొక్కని వైనం చెప్పి ఆమె ఊపిరి తీసుకునేసరికి, ఆయన వేలి వెనకతో అక్షరాన్ని తాకి చూశాడు. అంటలేదు. రెండో పూత వెన్నలా పడింది.

బయట బస్సు హారను కొట్టింది. ఒక్కరూ కదల్లేదు.

"అత్తా, 'పొగ' రాస్తున్నాడు" అన్నాడు కండక్టరు. "ఈసారి కాస్త ఘాటుగా అందుకో."

పొగ దగ్గర ఆమెకు వెతుక్కోవాల్సిన పనే లేదు. కాలిన దుప్పట్లు, చిల్లులు పడిన దిండ్లు, దగ్గుతో తెల్లవారిన రాత్రులు అన్నీ బయటికొచ్చాయి. నవ్వుతున్నవాళ్లలో కొందరు మెల్లగా జేబుల మీద చెయ్యి వేసుకుని నేల చూశారు. ఆ మాట కూడా ఆరింది.

ఇక మిగిలింది 'తాగరాదు'. పెద్ద మాట. మొదటి పూత వేసి దిగి కూర్చున్నాడు. ఆమె నోరు మెదపలేదు.

"ఏవైంది?"

"చెప్పాల్సినవి అయిపోయాయి."

"అబద్ధం" అన్నాడాయన. మేనేజరు గేటు వైపు, గోడ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. మావయ్య చెయ్యి మోకాలి మీంచి లేచింది.

ఆమె గాలి పీల్చి చూస్తోంది. "ఈ వాసనేంటి?"

"రంగుది. టర్పెంటైను."

"నీ ఒంటి మీద ఎప్పుడూ ఉంటుందా ఇది?"

"చిన్నప్పట్నుంచీ."

"పొగలో నాకు తెలియనే లేదు" అందామె. "బాగానే ఉంది."

లేచిన చెయ్యి మళ్లీ మోకాలి మీదికి వచ్చింది. కుంచె సంగతే మర్చిపోయింది. ఇద్దరూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి కండక్టరే "మావా, ఆరిపోయింది" అని గుర్తుచేయాల్సి వచ్చింది.

ఆఖరి గీత లాగుతుండగా గేటు దగ్గర మంత్రిగారి కారు ఆగింది. మేనేజరు చొక్కా జేబులోని పెట్టెను ప్యాంటు జేబులోకి తోసుకుని, ఫోనులో "అక్కర్లేదు, రావద్దు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నిచ్చెన దగ్గర ఆగాడు.

"రేపు ఆసుపత్రి గోడ పెద్దాయనా. దీనికి రెండింతలు ఉంటుంది."

మావయ్య తన భార్య వైపు చూశాడు. ఆమె క్యారేజీ మూత విప్పుతోంది.

"అంత గోడా?" అంది. "అయితే మీ అమ్మ సంగతి రేపటికి ఉంచుతాను."