తీగలు బిగుసుకున్న ఆదివారాలు

దెయ్యం పట్టిందని జనం వేపమండలతో కొడుతున్న ఒక పిల్లని వాళ్ల మధ్యనుంచి ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లినవాణ్ణి నేను. అది మలేరియా అని తేలింది. బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ పిల్లలకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దెయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు.

ఇక్కడ రాస్తున్నదాంట్లో చచ్చి తిరిగొచ్చిన మనిషి ఎవరూ లేరు. జరిగినదంతా పట్టపగలు, మా ఇంట్లో, నా వయొలిన్‌కి జరిగింది. దానికి ముందు నేను చేసిన పని కూడా రాయాలి. అది రాయకపోతే మిగిలినదానికి అర్థం లేదు.

విజయనగరం దగ్గర ఒక బడిలో టెంపరరీ పంతులుగా ఉండేవాణ్ణి. ఆ పోస్టు పోయింది. డెబ్భై ఆరులో, టాటానగర్ రైల్వేలో పనిచేసే మా బావ రమ్మంటే భార్య పార్వతితో జంషెడ్‌పూర్ వచ్చాను. గమ్హరియాలో ఒక చిన్న ఫౌండ్రీలో టైమాఫీసు గుమాస్తాగా చేరాను. పొద్దున్నే గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల నంబర్లు రాసుకోవడం, సాయంత్రం ఓవర్‌టైము కాగితాలు సరిచూడడం. పిల్లలకి పద్యాలు చెప్పిన నోటితో హిందీలో నంబర్లు పిలిచేవాణ్ణి.

ఊరు మారింది, పని మారింది. మారనిది వయొలిన్ ఒక్కటే. మా మేనమామ దగ్గర పన్నెండేళ్లు నేర్చుకున్నాను. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి గంటసేపు వాయించేవాణ్ణి. ఆ గంట కోసమే మిగతా రోజంతా గడిచేది.

ఆదిత్యపూర్‌లో వరసగా కట్టిన గదుల్లో మాది చివరి నుంచి రెండోది. చివరిది సింహాచలంది. పాలకొండ వైపు మనిషి. మా ఫౌండ్రీలోనే మౌల్డరు, అంటే ఇసకతో అచ్చులు కట్టే పని. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉండేవారు. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. అయినా అతను నన్ను మీరు అనేవాడు, నేను నువ్వు అనేవాణ్ణి. నేను గుమాస్తాని, అతను కూలీ. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు.

మేం వచ్చిన వారానికి అతనే గుమ్మంలోకి వచ్చాడు.

“మాస్టారూ, సాయంత్రమైతే సాలు మీ గదిలో పిల్లేదో ఏడత్తన్నాది. పాలు పొయ్యరేటి?”

“అది వయొలిన్, సింహాచలం.”

“అలాగేటి? అయితే నా పాటకి ఏడిపించండి, సూద్దుం.”

పార్వతి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. అతను గుమ్మంలోనే కూర్చుని రాముడి మీద ఒక పాత కీర్తన ఎత్తుకున్నాడు. నేర్చుకున్న గొంతు కాదు. కానీ అంత ఎత్తులో అంత తేటగా పలికిన మగగొంతు నేను అంతకుముందు వినలేదు.

సంగీతం తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఒక్కొక్క గొంతుకి ఒక్కొక్క ఎత్తు ఉంటుంది. దాన్ని శ్రుతి అంటాం. అంకెలతో చెబుతాం. నేను ఒంటరిగా వాయించుకునేది ఒకటి శ్రుతిలో. సింహాచలం గొంతు విప్పుకునేది మూడులో. పాడేవాడి గొంతును బట్టి వయొలిన్ తీగలు బిగించుకోవడం పక్కన వాయించేవాడి ధర్మం. పాడేవాణ్ణి తన ఎత్తుకి దింపడం ఎవరూ చెయ్యరు. అందుకని ఆదివారాలు అతను వస్తే తీగలు మూడుకి ఎక్కించేవాణ్ణి. అతను వెళ్లాక దింపేవాణ్ణి. పాటల మధ్య అతను దగ్గేవాడు. ఫౌండ్రీ ఇసక పదిహేనేళ్లుగా ఛాతీలో చేరింది.

రైల్వే కాలనీ దగ్గర మన తెలుగువాళ్ల కమిటీకి ఒక హాలు ఉండేది. ప్రెసిడెంటు దాలినాయుడు గారు, రిటైరైన గార్డు. ఆ హాలు చూసుకుంటూ రోజూ సాయంత్రం భజన పాడించడానికి ఒక మనిషి కావాలని వెతుకుతున్నారు. జీతం, హాలు వెనక ఒక గది. సింహాచలం వెళ్లి అడిగాడు.

“ఒరే సింహాచలం, భజనంటే ఊరికే అరిసీడం కాదురా. శ్రీరామనవమినాడు పందిట్లో పాడు. జనానికి నచ్చితే హాలు తాళాలు నీ సేతిలో ఎడతాను” అన్నారట నాయుడు గారు.

“మీరు పక్కన వాయించాల మాస్టారూ” అన్నాడు సింహాచలం నాతో. “ఈ ఇసకలోంచి బయటపడిపోతాను. డాక్టరుబాబు ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటే ఇక సూడక్కర్లేదన్నాడు.”

వాయిస్తానన్నాను.

ఇప్పుడు నా తప్పు. నవమి మర్నాడు పొద్దున్న టెల్కో కాలనీలో ఒక ఇంజనీరు గారింట్లో కచేరీ. విజయనగరం నుంచి వచ్చిన ఒక విద్వాంసుడు పాడతారు, నేను పక్కన వాయించాలి. ఆయన శ్రుతి ఒకటి. దానికోసం కలకత్తా నుంచి తెప్పించిన కొత్త తీగలు వేసుకున్నాను. కొత్త తీగలు ఒక ఎత్తులో నాలుగైదు రోజులు కుదురుకోవాలి. మధ్యలో మూడుకి ఎక్కించి దింపితే మర్నాడు నిలకడగా ఉండవు. తెగినా తెగుతాయి. పెద్దమనుషుల ముందు నా వయొలిన్ జారిపోకూడదనుకున్నాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

నవమి సాయంత్రం పందిట్లో నా శ్రుతిపెట్టె ఒకటిలో పెట్టి మోగించాను. సింహాచలం ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నాడు. ఒక్క క్షణం విని నా వైపు వంగాడు.

“మాస్టారూ, కిందకున్నట్టున్నాది. కొంచెం ఎక్కించండి.”

“ఇదే నీ శ్రుతి. కంగారులో అలా వినిపిస్తోంది. పాడు.”

అతను పాడాడు. కింద స్వరాలు అసలు వినపడలేదు. నూతిలోంచి మాట్లాడినట్టుంది. రెండో చరణంలో గొంతు తనకు తెలియకుండానే సొంత ఎత్తు వెతుక్కుంటూ పైకి పోయింది. పాట ఒక దారిన, వయొలిన్ ఒక దారిన. వెనక ఎవరో “బస్ కరో భాయ్” అన్నారు, ఇక ఆపమని. జనం నవ్వారు.

అప్పుడు నేను వాయించడం ఆపి, తల తిప్పి అతని వైపు చూశాను, తప్పు అతనిదే అన్నట్టు. జనం చూస్తున్నారని తెలిసే చూశాను.

నాయుడు గారు నా దగ్గరకొచ్చి “పాపం, ఈడికి శ్రుతి నిలవదేటి మాస్టారూ?” అని అడిగారు. నేను ఏమీ అనలేదు. వారంలో ఆ తాళాలు వేరే మనిషికి వెళ్లాయి. మర్నాటి కచేరీ బాగానే జరిగింది. ఇప్పుడు నాకు అందులో ఒక్క పాట కూడా గుర్తులేదు.

సింహాచలం మళ్లీ పాడలేదు. పొద్దున్న గేటు దగ్గర ఎదురైతే “నమస్తే మాస్టారూ” అని లోపలికి పోయేవాడు. నేను నంబరు రాసుకునేవాణ్ణి. నాలో ఏ బాధా కలగలేదు. కలగనందుకు ఆశ్చర్యం కూడా వెయ్యలేదు. మే నెలాఖరులో దగ్గు ఎక్కువై అతను సిక్ లీవు పెట్టి ఊరెళ్లాడు. గదికి తాళం వేసి వెళ్లాడు.

జూన్ మొదటి ఆదివారం. ఓవర్‌టైము పని ఎక్కువై రెండు వారాలుగా వయొలిన్ తియ్యలేదు. పెట్టె తెరిచి కమాను లాగాను. చాలా పైన పలికింది. శ్రుతిపెట్టెతో సరిచూశాను. నాలుగు తీగలూ తేడా లేకుండా మూడులో ఉన్నాయి.

వయొలిన్ వాయించే ఎవరినైనా అడగండి. వాడకుండా ఉంచితే తీగ జారుతుంది. తనంతట తాను బిగుసుకోదు. నేనే ఎప్పుడో బిగించి మరిచిపోయాననుకుని ఒకటికి దింపాను. మరుసటి ఆదివారం మళ్లీ మూడు.

పార్వతిని అడిగాను. “మీ పెట్టె జోలికి నేనెందుకు పోతానండి? దాని మూత తియ్యడమే నాకు రాదు” అంది.

సాక్చీలో వాద్యాలు బాగుచేసే ఒక ముసలి బెంగాలీ ఆయన ఉండేవాడు. తీసుకెళ్లి చూపించాను. తీగలు బిగించే బిరడాలు తిప్పి చూశాడు, చెక్క తట్టి చూశాడు. వానాకాలంలో చెక్క ఉబ్బి తీగ రవ్వంత పైకి పోవడం ఉందన్నాడు. నాలుగూ కొలిచినట్టు అంత ఎత్తుకి పోవడం మాత్రం తన జన్మలో చూడలేదన్నాడు. ఇంట్లో ఎవరో మీతో ఆడుకుంటున్నారు మాస్టర్‌జీ అని నవ్వాడు.

ఇంటికి వచ్చి నాలుగు తీగలూ పూర్తిగా వదులు చేశాను. తీగల కింద నిలబడే చిన్న చెక్క బ్రిడ్జి ఊడి వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి వయొలిన్ పెట్టెలోనే ఒక మూల ఉంచాను. పెట్టెను ట్రంకులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి పార్వతి కొంగున ముడి వేసుకుంది. ఆ వారమంతా ఆ ముడి విప్పలేదని ఆమె ఒట్టేసి చెప్పింది. నేను ఆమెను నమ్ముతాను.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఇద్దరం కలిసి తెరిచాం. కాగితం మడత విప్పి పక్కన ఉంది. బ్రిడ్జి తన చోట నిటారుగా నిలబడి ఉంది. తీగలు బిగుతుగా ఉన్నాయి. వేలితో మీటాను.

పార్వతి తీగల మీదకి వంగింది. ఆమెకి సంగీతం రాదు. కానీ వంటింట్లోంచి ఏడాదిపాటు అతని పాట విన్నది.

“ఇది సింహాచలం అన్నియ్య పాడే ఎత్తు గదండి?” అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. “నవమినాడు మీరేటి సేసినారు?”

చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను.

“నాకెందుకు సెప్తన్నారు? ఆయనకి సెప్పండి” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆగస్టులో సింహాచలం వచ్చాడు. ఊరెళ్లిన మనిషిలో సగమే తిరిగొచ్చినట్టున్నాడు. వీధి కుళాయి దగ్గర కంచం కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాను.

“ఆ రోజు నేను పెట్టింది ఒకటి. నీది మూడు. నీ గొంతు తప్పు కాదు.”

అతను కంచం కడగడం ఆపలేదు. “తెలుసండి.”

“తెలిస్తే ఎందుకు పాడావు?”

“మాస్టారు అబద్ధమాడతారేటి? నా సెవే పాడైపోనాదనుకున్నాను. ఊరెళ్లి మా పిల్లగుంటలకాడ పాడితే తెలిసినాది, నా సెవి బాగానే ఉన్నాదని.”

వయొలిన్ సంగతి కూడా చెప్పాను. అతను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. “మీ పెట్టె గొడవ నాకు తెల్దండి” అన్నాడు. కంచం బోర్లించి లేచాడు. “నాకిప్పుడు హాలొద్దు, పాటొద్దు. మళ్లీ నవమికి అదే పందిట్లో, అదే మైకులో ఈ మాట సెప్పండి. ఫౌండ్రీలో నన్ను ‘బేసురా’ అని, శ్రుతి లేనోడని పిలుత్తన్నారు. నా పిల్లలు ఇక్కడికొచ్చినా ఆ పేరే ఇంటారు. ఆ ఒక్క మాటా సెప్తే సాలు.”

చెబుతానన్నాను.

చెప్పినా తీగలు దిగలేదు. ప్రతి ఆదివారం మూడులోనే ఉండేవి. దింపడం మానేశాను. ఆ శ్రుతిలోనే ఒక్కణ్ణే వాయించుకునేవాణ్ణి. గోడ అవతల దగ్గు వినపడేది.

ఫిబ్రవరిలో రూర్కెలా నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ తెలుగు పిల్లల బడిలో పంతులు ఉద్యోగం. వెంటనే చేరాలి. నవమి దాకా గడువు అడగవచ్చు. అడగలేదు. అడిగితే ఇచ్చేవారేనని నాకు తెలుసు. మా సామాను రిక్షాకి ఎక్కించింది సింహాచలమే. ట్రంకు పెట్టి రొప్పుతూ నిలబడ్డాడు.

“నవమికి వత్తారు కదా మాస్టారూ?”

“వస్తాను.”

వెళ్లలేదు. రైల్లో నాలుగు గంటల దూరం. ఆ రోజు సెలవు కూడా. ఇంట్లోనే ఉన్నాను, పేపరు చదువుకున్నాను. తర్వాత ఆదిత్యపూర్‌లోని పక్కింటావిడ పార్వతికి ఉత్తరం రాసింది. సింహాచలం ఆ సాయంత్రం మొదటి వరసలో కూర్చున్నాడట. పందిట్లో దీపాలు తీసేదాకా లేవలేదట. ఏడాది తిరగకుండా ఊరెళ్లిపోయాడని ఇంకో ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. కనుక్కోలేదు. పార్వతి ఆ ఉత్తరాలు చదివి నాకిచ్చింది.

రూర్కెలాలో మొదటి ఆదివారం భయపడుతూ పెట్టె తెరిచాను. తీగలు జారి ఉన్నాయి, అందరి వయొలిన్లలాగే. ఆ తర్వాత ఒక్కసారి కూడా పైకి పోలేదు.

నిద్రలో నేనే బిగించి ఉంటానని ఒక డాక్టరు మిత్రుడు అన్నాడు. తప్పు చేసిన మనసు అలాంటివి చేయిస్తుందట. కావచ్చు. తాళంచెవి మాట పక్కన పెట్టి అది ఒప్పుకున్నా, నాకు తెగనిది ఒకటుంది. ఒక తప్పుకి అన్ని నెలలు బిగుసుకున్న తీగలు, రెండో తప్పుకి ఎందుకు ఊరుకున్నాయి? పక్క గదిలో లేని మనిషి నా తీగల్లోంచి ఏం అడిగాడో, ఎందుకు అడగడం మానేశాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ పందిట్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతారేమో. నాయుడు గారు అడిగినదానికి జవాబు ఇది. సింహాచలానికి శ్రుతి నిలిచింది. తప్పించింది నేను.